ఫ్రీలాన్స్‌గా రాసేవాళ్లకు సొంత బ్లాగ్ ఉండాలా?

మీ ప్రశ్న సూటిగా ఉంది: క్లయింట్ల పనికే టైం చాలడం లేదు, పైసా రాని బ్లాగ్ ఎందుకు నడపాలి అని. నడపక్కర్లేదండీ, ఉంటే చాలు. వారానికో పోస్టు పెట్టి తీరాలన్న నియమం ప్రకటనల మీద బతికే బ్లాగర్లది. మన అవసరం వేరు. పని ఇవ్వాలనుకునే మనిషి అడిగినప్పుడు, ‘ఇదిగో, నేనిలా రాస్తాను’ అని ఒక లింక్ పంపగలిగితే సరిపోతుంది.

రాసినవన్నీ ఎలాగూ క్లయింట్ల సైట్లలో ఉంటాయి కదా, అవే పంపొచ్చుగా అనిపించవచ్చు. మీ పేరుతో వచ్చి ఉంటే నిక్షేపంగా పంపండి. నేను చాలాకాలం చేసింది ఘోస్ట్ రైటింగ్. కంపెనీ పెద్దల పేరు మీద వచ్చే వ్యాసాలు, ప్రోడక్ట్ పేజీలు, కస్టమర్లకు వెళ్లే ఈమెయిళ్లు. అందులో చాలావాటికి ఎన్‌డీఏ (గోప్యతా ఒప్పందం) ఉంది, అంటే అవి నేను రాశానని బయట చెప్పుకోకూడదు. ఒప్పందం ప్రకారం కాపీరైట్ కూడా వాళ్లదే. చేతినిండా పని, డబ్బుకీ లోటు లేదు. కొత్తవాళ్లెవరైనా శాంపిల్స్ అడిగితే మాత్రం చూపించడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

పేరుతో వచ్చినవైనా ఎల్లకాలం ఉంటాయన్న భరోసా లేదు. 2017 నవంబర్‌లో అమెరికాలో గోథమిస్ట్, డీఎన్‌ఏఇన్ఫో వార్తా సైట్లను వాటి యజమాని ఉన్నట్టుండి మూసేశాడు. పాత వ్యాసాల లింక్ ఏది నొక్కినా, మూసేస్తున్నానన్న ఆయన ప్రకటనే కనపడింది. అందులో రాసినవాళ్లకు ఒక్కరోజులో ఉద్యోగాలూ పోయాయి, వేరే ఉద్యోగం కోసం చూపించుకోవాల్సిన వ్యాసాలూ పోయాయి. ఆ వ్యాసాలు తర్వాత మళ్లీ అందుబాటులోకి వచ్చాయి గానీ, ప్రతిసారీ అలా జరుగుతుందనుకోలేం. 2024 జూన్‌లో ఎంటీవీ న్యూస్ పాత వ్యాసాలన్నీ సైట్ నుంచి మాయమయ్యాయి. అదే ఏడాది ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ లెక్క ప్రకారం, 2013 నాటి వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి తెరుచుకోవడం లేదు. అందుకే బ్లాగ్ పెట్టినా పెట్టకపోయినా, మీ వ్యాసం వచ్చిన రోజే పీడీఎఫ్ తీసి దాచుకోండి. వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో కూడా సేవ్ చేయండి, ఉచితమే.

బ్లాగ్ అసలు ఉపయోగం నాకు ఇంకోచోట తెలిసొచ్చింది. నేను రాస్తున్నదంతా సాఫ్ట్‌వేర్ గురించి. నాకేమో ఇన్సూరెన్స్ మీద రాయాలని ఉండేది, ఎందుకంటే ఇంట్లో పాలసీ కాగితాలన్నీ చదివి అర్థం చేసుకునే పని ఎప్పుడూ నామీదే పడేది. కానీ ఇన్సూరెన్స్ పని ఇచ్చేవాళ్లు ఇన్సూరెన్స్ మీద రాసిన శాంపిల్స్ అడుగుతారు. పని దొరకాలంటే శాంపిల్ కావాలి, శాంపిల్ కావాలంటే పని దొరకాలి. ఈ చిక్కు మీకూ ఎదురయ్యే ఉంటుంది.

అప్పుడు నా సైట్‌లో కొన్ని వ్యాసాలు రాసి పెట్టాను. ఆరోగ్య బీమాలో వెయిటింగ్ పీరియడ్ అంటే ఏంటి, క్లెయిమ్‌ని ఎలాంటి కారణాలతో తిరస్కరిస్తారు, పాలసీ కాగితంలో ‘మినహాయింపులు’ అన్న భాగాన్ని ముందు ఎందుకు చదవాలి, ఇలాంటివి. ఎవరి కోసమో కాదు, నాకు పని ఇవ్వబోయే ఎడిటర్ ఒక్కరు చదివితే చాలనుకుని రాశాను. చదివినవాళ్లు నిజంగానే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందులో ఒక ఎడిటర్ తిరస్కరణల వ్యాసం గురించి ఫోన్‌లో నన్ను చాలాసేపు ప్రశ్నించారు. ఈ విషయం ఎక్కడ చూశారు, ఈ ఉదాహరణే ఎందుకు తీసుకున్నారు అని. వాక్యాలు బాగున్నాయన్న మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు విషయం తెలుసా, తెలిసింది మామూలు మనిషికి చెప్పగలనా, ఇవి తేల్చుకున్నారు. పని వచ్చింది, దాని వెంట ఆ రంగంలోనే మరికొన్ని వచ్చాయి. ఇప్పుడు ఏఐతో రాయించిన నున్నటి శాంపిల్స్ గుట్టలుగా వచ్చి పడుతున్నాయి కాబట్టి, ఎడిటర్లు ఇలాంటి ప్రశ్నలు ఇంకా ఎక్కువ అడుగుతున్నారనే నాకనిపిస్తోంది.

కాబట్టి చేసేసిన పని గురించి కాకుండా, మీరు చేయాలనుకుంటున్న పని గురించి బ్లాగ్‌లో రాయండి. ‘మంచి రైటర్ కావడం ఎలా’ లాంటి పోస్టులు మాత్రం వద్దు. అవి చదివేది తోటి రైటర్లే, వాళ్లెవరూ మనకు పనివ్వరు.

అలాగని చేతిలో ఉన్నదంతా అందులో పెట్టేయకండి. చాలా పత్రికలు బ్లాగ్‌లో వచ్చిన రచనను కూడా ‘ముందే ప్రచురితమైనది’గానే లెక్కేస్తాయి. పత్రికకు అమ్ముడుపోతుందనిపించే ఐడియా ఉంటే ముందు అక్కడికి పంపండి, తీసుకోకపోతే అప్పుడు బ్లాగ్‌లో పెట్టుకోవచ్చు. క్లయింట్‌కి అమ్మిన వ్యాసాన్ని అగ్రిమెంట్ చూడకుండా మీ సైట్‌లో పెట్టొద్దు. వాళ్లు ఒప్పుకున్నా, అసలు పేజీ ఏదో సెర్చ్ ఇంజిన్లకు తెలిసేలా కానానికల్ ట్యాగ్ పెట్టడం మర్యాద.

ఇంకో చిన్న విషయం. చివరి పోస్టు మూడేళ్ల కిందటి తేదీతో కనపడితే, షట్టర్ దించేసిన కొట్టులా ఉంటుంది. తరచూ రాసే ఓపిక లేకపోతే వాటిని పోస్టులుగా కాకుండా పేజీలుగా పెట్టండి. వర్డ్‌ప్రెస్‌లో పేజీలకు సాధారణంగా తేదీ కనపడదు.

ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టం. బ్లాగర్ 1999 నుంచీ, వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ ఉన్నాయి, రెండూ మన పనికి సరిపోతాయి. మీడియం, సబ్‌స్టాక్ లాంటివైనా ఫర్వాలేదు. డొమైన్, అంటే సైట్ అడ్రస్, మాత్రం మీ సొంతం అయితే మంచిది. 2009లో యాహూ జియోసిటీస్‌ని మూసేసినప్పుడు, అక్కడ సైట్లు పెట్టుకున్నవాళ్ల అడ్రస్‌లు కూడా దాంతోపాటే పోయాయి. డొమైన్ మీదైతే సర్వీస్ మారినా అడ్రస్ మారదు. ఆటో రెన్యువల్ ఆన్ చేసుకోండి, గడువు దాటితే వేరేవాళ్లు కొనేసుకునే వీలుంది.

మీ పేరుతో వ్యాసాలు క్రమం తప్పకుండా వస్తూ, పాత క్లయింట్లే కొత్తవాళ్లను పంపిస్తుంటే, ఇదంతా పెట్టుకోకండి. పేరు, రెండు వాక్యాల పరిచయం, మంచి వ్యాసాల లింకులు ఉన్న ఒక్క పేజీ చాలు. ప్రకటనల ఆదాయం సంగతి అడగలేదు గానీ, ఇంత తక్కువ మంది చూసే సైట్‌కి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

పెట్టాలనే అనుకుంటే, ముందు మీకు పని కావాల్సిన రంగం ఒకటి ఖాయం చేసుకుని అందులో రెండు మూడు వ్యాసాలు రాయండి. సైట్ అందచందాలు తర్వాత చూసుకోవచ్చు. మీ ఈమెయిల్ ప్రతి పేజీలోనూ కనపడాలి. రేట్లు మాత్రం అక్కడ రాయకండి. వెయ్యి పదాల వ్యాసం ఒకటి పూటలో అయిపోతుంది, ఇంకోదానికి ముగ్గురు నిపుణులతో మాట్లాడాల్సి వస్తుంది. పనేంటో విన్నాకే రేటు చెప్పండి.