పాత సర్వర్‌కి కొత్త ప్రాసెసర్ ఎందుకండీ?

ప్రశ్న: మాది గాజువాకలో చిన్న ఫొటో స్టూడియో. పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి హెచ్‌పీ ప్రోలయంట్ మైక్రోసర్వర్ జెన్8 సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం. సెలెరాన్ జీ1610టీ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, రెండు 2 టీబీ డిస్కులు ఉన్నాయి. ఎంత పెద్ద ఫైలు కాపీ చేసినా స్పీడు సెకనుకి 11 ఎంబీ దాటడం లేదు. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో ఒక డిస్కుకి 197వ నంబరు దగ్గర 24 అని ఉంది. ఇంతకంటే శక్తి ఉన్న జియాన్ ప్రాసెసర్ వేయిస్తే అంతా సర్దుకుంటుందని షాపువాళ్లు అంటున్నారు. మా చేతిలో ఉన్నది 15 వేలు. దేనికి ఖర్చు పెట్టమంటారు?

జవాబు: ప్రాసెసర్ జోలికి వెళ్లకండి. ఫైళ్లు అటూ ఇటూ పంపడానికి ఆ సెలెరాన్ బోలెడు. మీరు రాసిన 11 అన్న అంకెలోనే జబ్బు తెలిసిపోతోంది. 100 మెగాబిట్ల లైను సెకనుకి 12.5 మెగాబైట్లు మోస్తుంది. ప్యాకెట్ల సొంత బరువు తీసేస్తే మిగిలేది సరిగ్గా 11 చిల్లర. మీ సర్వర్‌లో ఉన్న రెండు నెట్‌వర్క్ పోర్టులూ గిగాబిట్‌వే. అంటే దారిలో ఎక్కడో 100 దగ్గర ఆగిపోతోంది.

విండోస్‌లో ఈథర్‌నెట్ అడాప్టర్ స్టేటస్ తెరిచి స్పీడు చూడండి. అక్కడ 1.0 జీబీపీఎస్ ఉండాలి. 100 ఎంబీపీఎస్ అని ఉంటే ముందు కేబుల్ మార్చి చూడండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కలవాలి. మన దగ్గర వైరింగ్ చేసేవాళ్లు చాలాసార్లు నాలుగే క్లిప్పులో పెట్టి నొక్కేస్తారు, ఇంటర్నెట్ వచ్చేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. క్లిప్పుని వెలుతురులో పెట్టి చూస్తే రంగులు లెక్కపెట్టుకోవచ్చు. కంప్యూటర్ దగ్గర గిగాబిట్టే చూపిస్తున్నా స్పీడు రాకపోతే సర్వర్ వైపు కేబుల్‌నీ, పోర్టునీ అనుమానించాలి. కొన్ని ఫైబర్ రౌటర్లలో ఒక పోర్టే గిగాబిట్, మిగతావి 100వే. అదే అయితే ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి కొనండి, వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. కంప్యూటర్, సర్వర్ రెండూ ఆ స్విచ్‌కే తగిలించి, రౌటర్‌కి ఒక్క తీగ లాగండి. స్పీడు 110 చుట్టుపక్కలకి వస్తుంది. ఆ తర్వాత జియాన్ వేసినా అది పెరగదు, ఎందుకంటే అడ్డం గిగాబిట్ లైనే.

ఇక డిస్కు సంగతి, అసలు తొందరపడాల్సింది ఇక్కడే. 197 అంటే డిస్కు చదవలేక పక్కన పెట్టి, మళ్లీ రాసేటప్పుడు తేల్చుకుందామని ఉంచిన సెక్టర్ల (డిస్కులోని చిన్న చిన్న గదుల) లెక్క. అది సున్నా కాదంటే అందులోని ఫైళ్లలో కొన్ని ఇప్పటికే చదవడానికి రాకపోవచ్చు. ముందు దానిలోని డేటా ఇంకో డిస్కు మీదకి తీసేయండి. అంతవరకు దాని మీద ఏ టెస్టూ పెట్టొద్దు, టెస్టు ఒత్తిడికే పూర్తిగా పోయిన డిస్కులు ఉన్నాయి. రెండో డిస్కుకి 5, 197, 198 నంబర్లు (మూడూ చెడిన సెక్టర్ల లెక్కలే) సున్నా ఉంటే డిస్కు మొత్తం చదివి చూసే లాంగ్ టెస్టు పెట్టి, పాసైతే వాడుకోవచ్చు. 199 (డేటా దారిలో చెడిపోయిన సార్ల లెక్క) పెరుగుతుంటే మాత్రం డిస్కుని తిట్టకండి, అది కేబుల్‌దో కనెక్టర్‌దో తప్పు.

డబ్బులో పెద్ద వాటా ఒక కొత్త 4 టీబీ డిస్కుకి పెట్టండి. కొనేటప్పుడు సీఎంఆరా (ట్రాకులు పక్కపక్కనే ఉండే రకం), ఎస్ఎంఆరా అని అడగండి. షాపులో తెలియకపోతే మోడల్ నంబరు చూడండి. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ సీఎంఆర్. డబ్ల్యూడీ రెడ్ పేరుతోనే వచ్చి నంబరు చివర ఈఎఫ్ఏఎక్స్ అని ఉండే 2 నుంచి 6 టీబీ డిస్కులు ఎస్ఎంఆర్. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి కాబట్టి ఏకబిగిన రాస్తుంటే చతికిలపడుతుంది. రెయిడ్‌లో (కొన్ని డిస్కులని కలిపి ఒకటిగా వాడే పద్ధతిలో) పాడైన డిస్కు మార్చి తిరిగి నింపేటప్పుడు మధ్యలో చేతులెత్తేయడం కూడా ఉంది.

రెండు డిస్కులూ మిర్రర్ చేయాలని, అంటే ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ అప్పటికప్పుడే పడేలా పెట్టాలని, మీకు అనిపించవచ్చు. ఈ బడ్జెట్‌లో నేనైతే వద్దంటాను. పొరపాటున పెళ్లి ఫోల్డర్ డిలీట్ చేస్తే మిర్రర్‌లో రెండు వైపులా ఒకేసారి పోతుంది. కొత్త డిస్కులో అసలు ఫైళ్లు పెట్టి, బాగున్న పాత 2 టీబీకి రోజూ రాత్రి ముఖ్యమైన ఫోల్డర్లు ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో కాపీ అయ్యేలా పెట్టుకోండి. ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ మాత్రం టిక్ చేయొద్దు, చేస్తే అదీ మిర్రరే. వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్కుకి తీసి, దాన్ని వేరే ఇంట్లో ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన విశాఖలో ఉన్నాం, ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఎక్స్‌టర్నల్‌ని వెనకున్న యూఎస్‌బీ 3.0 పోర్టుకే తగిలించండి, ముందున్నవి 2.0 మాత్రమే.

సర్వర్‌ని ఫైళ్లు దాచే పెట్టెగా నడిపే సాఫ్ట్‌వేర్‌కి ఓపెన్‌మీడియావాల్ట్ చాలు, 4 జీబీలో హాయిగా నడుస్తుంది. అలాంటిదే అయిన ట్రూనాస్ కావాలంటే కనీసం 8 జీబీ ఉండాలి. సర్వర్ ఆన్ అవుతుండగా ఎఫ్9 నొక్కి, సిస్టం ఆప్షన్స్‌లో సాటా కంట్రోలర్ దగ్గర ఏహెచ్‌సీఐ (రెయిడ్ లేకుండా డిస్కులని నేరుగా చూపే పద్ధతి) ఎంచుకోండి. డిస్కులు ఇప్పటిదాకా హెచ్‌పీ రెయిడ్‌లో ఉంటే అలా మార్చగానే డేటా కనబడకుండా పోవచ్చు, కాపీ ముందే తీసుకోవాలి. ఏహెచ్‌సీఐ పెట్టాక ఫ్యాన్ కాస్త గట్టిగా తిరగొచ్చు, పాడైందని కంగారు పడకండి. ఈ మోడల్‌లో డిస్కులు నడుస్తుండగా లాగకూడదు, ఆఫ్ చేశాకే తీయాలి. మొదటి రెండు అరలు 6 గిగాబిట్, కింది రెండు 3 గిగాబిట్. మామూలు హార్డ్‌డిస్కుకి ఆ తేడా తెలియదు, ఎక్కడ పెట్టినా ఒకటే.

సర్వర్‌ని దూరం నుంచి నడపడానికి అందులోనే ఉండే ఐఎల్ఓ ఫర్మ్‌వేర్ 2.53 కంటే పాతదైతే వెంటనే మార్చండి. అంతకు ముందు వాటిలో పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి దూరే లోపం ఉంది. కొత్తదైనా సరే, ఐఎల్ఓ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరవొద్దు.

ప్రశ్న: అదే జెన్8కి ర్యామ్ పెంచాలని పాత సర్వర్ల నుంచి తీసిన 8 జీబీ ఈసీసీ (తప్పులు తనే సరిదిద్దుకునే) ర్యామ్ చవగ్గా కొన్నాను. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, సర్వర్ మాత్రం లేవడం లేదు. ర్యామ్ పోయినట్టేనా? – సీతమ్మధార పాఠకుడు

జవాబు: ర్యామ్ బాగానే ఉండి ఉంటుంది, మీ మెషీన్‌ది కాదు, అంతే. స్టిక్కర్ మీద పీసీ3-12800 తర్వాత వచ్చే అక్షరం చూడండి. ఆర్ (R) ఉంటే రిజిస్టర్డ్, పెద్ద సర్వర్లలో వాడేది. ఇంగ్లిష్ ఈ (E) ఉంటే అన్‌బఫర్డ్ ఈసీసీ, మీకు కావాల్సింది అదే. గాడి ఒకే చోట ఉండటం వల్ల రెండూ స్లాట్‌లో పడతాయి. ఆర్ రకం చవగ్గా దొరకడానికి కారణం, దాన్ని పట్టే మెషీన్లు తక్కువ కావడమే. మీ సర్వర్‌లో ఇప్పటికే 4 జీబీ ఉంటే, దాని పక్కన అన్‌బఫర్డ్ రకం 8 జీబీ ఒకటి వేస్తే 12 అవుతుంది. ఈ సర్వర్‌లో ఉన్నవి రెండే స్లాట్లు, మొత్తం 16 జీబీకి మించి పట్టదు.

ప్రశ్న: మా ఇల్లు విశాఖ తీరంలో లాసన్స్ బే దగ్గర. నాస్ బాక్సు (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) రెండు మూడు వారాలు ఆపి ఆన్ చేస్తే ఒక డిస్కు కనబడదు, తీసి పెడితే వస్తుంది. డిస్కు మార్చాలా?

జవాబు: అప్పుడే మార్చొద్దు. ఉప్పుగాలికి కనెక్టర్ల మీద సన్నటి పొర కడుతుంది, తీసి పెట్టినప్పుడు అది గీసుకుని కాంటాక్ట్ దొరుకుతోంది. కరెంటు తీసేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నూలు పోగులు రాలని గుడ్డకి అద్ది, డిస్కు వైపూ బాక్సు వైపూ తుడిచి, పావుగంట ఆరనివ్వండి. రబ్బరుతో రుద్దడం మనవాళ్లకి అలవాటు గానీ, బంగారు పూత అరిగిపోతుంది, పొడి లోపల పడుతుంది. వారాల తరబడి ఆపి ఉంచడం కంటే నడవనివ్వడమే నయం, వెచ్చగా ఉన్న బోర్డు మీద తేమ పేరుకోదు. తుడిచాక కూడా స్మార్ట్ రిపోర్టులో 199 పెరుగుతూనే ఉంటే డిస్కుని ఇంకో అరలో పెట్టి చూడండి. అంకె పెరగడం ఆగితే పాత అర కనెక్టర్‌దే లోపం, కొత్త అరలోనూ పెరిగితే డిస్కు కనెక్టర్‌ని అనుమానించాలి.