మీ కోడి ఓడితే ఇల్లంతా పస్తుండాలా?

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లయి ఏడేళ్లు, ఐదేళ్ల పాప ఉంది. తాగను, సిగరెట్ ముట్టను, పైసా పందెం కాయను. నాకున్న పిచ్చి ఒక్కటే, లండన్‌లోని టోటెన్‌హామ్ ఫుట్‌బాల్ క్లబ్. 2010లో హాస్టల్ టీవీలో ఇంటర్ మిలాన్‌తో మ్యాచ్ చూశాను. 4-0తో వెనకబడ్డాక గారెత్ బేల్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. 4-3తో ఓడిపోయాం. ఆ రాత్రి అంటుకుంది.

2024-25 సీజన్ నన్ను పిండేసింది. నవంబర్‌లో మాంచెస్టర్ సిటీని వాళ్ల గడ్డ మీదే 4-0తో కొట్టాం. దానికి రెండు వారాల ముందు, లీగ్‌లో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ గెలవని ఇప్స్‌విచ్ చేతిలో మా సొంత మైదానంలో ఓడిపోయాం. ఇంగ్లండ్ లీగ్‌లో 38 మ్యాచ్‌ల్లో 22 ఓటములు. 20 జట్లలో 17వ స్థానం. అదే టీం మే 21న, యూరప్ క్లబ్‌ల మధ్య విడిగా జరిగే యూరోపా లీగ్ కప్పు గెలిచింది, 17 ఏళ్ల తర్వాత మొదటి ట్రోఫీ! పదహారు రోజులకే కోచ్‌ని తీసేశారు. సంతోషపడాలో ఏడవాలో ఇప్పటికీ తెలియడం లేదు.

ఫైనల్ మనకి రాత్రి పన్నెండున్నరకి మొదలైంది. సౌండ్ లేకుండా హాల్లో ఒక్కడినే చూశాను. రెండున్నరకి అయిపోయాక నేల మీద కూర్చుని ఏడ్చేశాను. మా ఆవిడ లేచి వచ్చి, నన్ను చూసి, గోడ పట్టుకుని “ఎవరికేమైందండీ?” అంది. “మేం గెలిచాం” అన్నాను. ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పదిహేనేళ్లు ఎదురుచూసిన రాత్రి అది. ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు, ఆగస్టులో మళ్లీ ఇది మొదలైతే పాపని తీసుకుని భీమవరం వెళ్లిపోతానంటోంది. తన పుట్టింటి సంగతి నాకు తెలియదా? మా మామగారు సంక్రాంతికి పుంజు ఓడితే రెండు రోజులు అన్నం ముట్టేవారు కాదట. ఆ ఇంట్లో పెరిగిన మనిషి నన్ను అంటుంది! మా పాప నయం, పొద్దున్నే లేచి “నాన్న టీం గెలిచిందా?” అని అడుగుతుంది. నేను చూడటం మానేయాలా? ఇది జబ్బా?

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలుంటే రెండుంపావు పేజీలు మ్యాచ్‌లే. ఇక్కడ చాలా కత్తిరించాను, కోపం తెచ్చుకోకండి. మీ ఆవిడ గురించి రాసినవి పదకొండు వాక్యాలు. పైన సగమే వేశాను కానీ, చదివింది మాత్రం ఆ పదకొండే, మళ్లీ మళ్లీ.

ముందు మీ చివరి ప్రశ్న. జబ్బు కాదు, మానేయనక్కర్లేదు. పరాయి దేశం క్లబ్ మీద ఇంత మమకారమేమిటని మీ ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వుతారని రాశారు. నవ్వనివ్వండి. ఈ ఊరికి ఫుట్‌బాల్ పిచ్చి కొత్త కాదు. సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేసిన మా నాన్నకి రహీం సాబ్ పేరెత్తితే చాలు, భోజనం చల్లారిపోయేది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందని మా అక్కాచెల్లెళ్లకి ఎక్కాల కంటే ముందు వచ్చేది. దగ్గరి టీం అయితే బాధ తక్కువేం కాదు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచింది. ఆ అభిమానుల ఇళ్లల్లోనూ ఇలాంటి రాత్రులే గడిచి ఉంటాయి.

కప్పు గెలిచిన రాత్రి ఏడవడంలోనూ తప్పు లేదు. దాదాపు పదేళ్లు ఆ క్లబ్‌లో ఆడిన అప్పటి కెప్టెన్ సన్ హ్యూంగ్-మిన్‌కీ అక్కడ అదే మొదటి కప్పు. ఆయనా ఏడ్చాడు. మీరు ఏడిస్తే ఏం?

ఒక చిన్న సంగతి గమనించాను. గెలిస్తే “మనం గెలిచాం”, ఓడితే “వాళ్లు ఓడారు” అనడం మనుషుల నైజం. అమెరికా యూనివర్సిటీ విద్యార్థులు తమ కాలేజీ టీం గురించి ఇలాగే మాట్లాడతారని రాబర్ట్ చాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1976లోనే చూపించాడు. మీరు మాత్రం 22 ఓటములకీ “ఓడిపోయాం” అనే రాశారు. గెలుపులో మాత్రమే వాటా అడిగే రకం కాదు మీరు. నాకు నచ్చారు.

కానీ ఆ రాత్రి మీ ఆవిడతో “మేం గెలిచాం” అన్నారు. మన భాషలో “మనం” వేరు, “మేం” వేరు. రెండున్నరకి, ఎవరో పోయారనుకుని గుండె చిక్కబట్టుకుని వచ్చిన మనిషికి తను లేని ఒక “మేం” వినపడింది. తలుపేసుకుందంటే నాకు ఆశ్చర్యం లేదు. మీరేమో ఆవిడ ఒక్క మాట అనలేదని నొచ్చుకున్నారు. ఎవరూ పోలేదని తెలిశాక ఆవిడ కాళ్లు వణకడం ఆగడానికి ఎంతసేపు పట్టిందో మీరు అడగలేదు.

ఇప్పుడు పుంజు దగ్గరికొద్దాం. మామగారి సంగతి మీరు ఎదురుదెబ్బ కొట్టడానికి రాశారు. నాకైతే ఉత్తరం మొత్తంలో అదే అసలు వాక్యం అనిపించింది. పుంజు ఓడితే పెద్దాయన రెండు రోజులు అన్నం ముట్టేవారు కాదు. సరే, మిగతావాళ్లు? పండగ పూట వండిన గారెలు, పరమాన్నం గిన్నెల్లో అలాగే ఉంటే పిల్లలు ఏం చేసేవాళ్లు? అమ్మ ఏ మొహంతో వడ్డించేది? వీధి గేటు చప్పుడవగానే, నాన్న నడకని బట్టి ఇవాళ ఎలా ఉంటుందో లెక్కగట్టుకుంటూ పెరిగి ఉంటుంది మీ ఆవిడ. ఇది నా ఊహే, ఆవిడని అడిగితే గానీ తేలదు. నా దగ్గరికొచ్చే వాళ్లలో అలాంటి ఇళ్లల్లో పెరిగిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు భయపడేది ఓటమికి కాదు. ఏ సాయంత్రం ఎలాంటి మనిషి ఇంట్లోకి వస్తాడో తెలియకపోవడానికి.

అలాంటి ఇంటి నుంచి వచ్చి, పుంజుల గొడవ తప్పిందనుకుని సాఫ్ట్‌వేర్ అబ్బాయిని చేసుకుంటే, ఆ అబ్బాయి టీ షర్ట్ మీద కూడా కోడిపుంజే! బంతి మీద నిలబడ్డ పుంజు మీ క్లబ్ గుర్తు. మీ క్లబ్‌ని ముద్దుగా పిలిచే స్పర్స్ అన్న పేరుకి కూడా, పందెం పుంజు కాలికి కట్టే ముల్లుకీ చుట్టరికం ఉందంటారు. మీకిది నవ్వులాటగా ఉండొచ్చు. మీ ఆవిడకి ఎన్నడైనా నవ్వొచ్చిందా?

డిసెంబర్‌లో వరసగా మూడు ఆదివారాలు మీరే రాశారు. 8న చెల్సీ మీద రెండు గోల్స్ ఆధిక్యంలో ఉండి 4-3తో ఓటమి. 15న సౌతాంప్టన్ మీద 5-0 గెలుపు. 22న లివర్‌పూల్ చేతిలో 6-3 ఓటమి. స్కోర్లు వేళ్ల మీద ఉన్నాయి మీకు. ఆ మూడు రాత్రులూ మీ ఇంట్లో ఏం వండారో, ఎవరు తిన్నారో, పాప ఎప్పుడు పడుకుందో గుర్తుందా? ఆవిడకి అవే గుర్తుంటాయి.

ఇంకో రాత్రి మీరే రాశారు, కాస్త దాటవేస్తున్నట్టుగా. అక్టోబర్ 6, దసరా సెలవులు, బ్రైటన్‌తో మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి 2-0తో ముందున్నారు. పాపని భుజాల మీద ఎక్కించుకుని హాలంతా తిప్పారు. తర్వాత 18 నిమిషాల్లో మూడు గోల్స్ పడ్డాయి. పాప మళ్లీ వచ్చి “నాన్నా, ఏనుగు!” అని చేతులు చాచింది. “పో అవతలికి” అన్నారు. నలభై నిమిషాల తేడాలో ఒకే నాన్న. ఆ పిల్లకి బ్రైటన్ అంటే తెలియదు, వెల్‌బెక్ కొట్టిన మూడో గోల్ తెలియదు. తను ఏదో తప్పు చేశానని మాత్రం అనుకుని ఉంటుంది.

ఆ పిల్లే పొద్దున్నే లేచి “నాన్న టీం గెలిచిందా?” అని అడుగుతోంది. మీకు ముచ్చటేసింది. నాకు మాత్రం, బయటికెళ్లే ముందు వాన పడుతుందా అని ఆకాశం వైపు చూసే చూపు కనపడింది. మీ ఆవిడ గేటు చప్పుడు వినేది, మీ అమ్మాయి స్కోరు అడుగుతోంది.

కోచ్ పోస్టెకోగ్లూకి అన్యాయం జరిగిందని ముప్పావు పేజీ రాశారు. రెండో ఏడు నేనెప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానని చెప్పి మరీ గెలిచాడు, అయినా పంపేశారని. మీ కోపం అర్థమైంది. నాకు ఫుట్‌బాల్ తీర్పులు చెప్పే అర్హత లేదు గానీ, క్లబ్ వాళ్లు చూసింది ఒక రాత్రిని కాదు, 38 మ్యాచ్‌ల పట్టికని. మీ ఇంట్లోనూ అదే గొడవ. మామగారికి బైపాస్ అయినప్పుడు పదకొండు రోజులు సెలవు పెట్టి ఆస్పత్రిలోనే పడుకున్నానని రాశారు. అది మాంచెస్టర్ సిటీ మీద 4-0. ఎవరూ కాదనరు. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్, గ్యాస్ బుకింగ్, “ఇవాళ నాకు తలనొప్పిగా ఉంది” అని ఆవిడ అన్న మాట, ఇవన్నీ ఇప్స్‌విచ్ మ్యాచ్‌లు. ఇంట ఈగల మోత, బయట పల్లకీ మోత అని మీ టీంని తిట్టుకున్నారు కదా, ఆ సామెత ఇంటి మనుషుల కోసం పుట్టిందే.

ఏం చేయాలన్నారు. పెద్దగా ఏం లేదు.

ఆగస్టులో సీజన్ మొదలయ్యే ముందే మ్యాచ్‌ల పట్టికని నెలకో కాగితం మీద మన టైములో రాసి ఫ్రిజ్ మీద అతికించండి. అక్టోబర్ చివర్లో ఇంగ్లండ్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఏడున్నర మ్యాచ్ ఎనిమిదిన్నరకి జరుగుతుంది. అంటే సరిగ్గా పాప అన్నం తినే వేళకి. ఇది మీకు తెలుసు, ఆవిడకి తెలియదు. చలికాలం వస్తే మొగుడు అన్నం దగ్గర కనపడడని మాత్రం తెలుసు. పైగా కప్పు గెలిచి, యూరప్‌లో అంతకంటే పెద్ద పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్లారు. అక్కడ మొదటి దశలోనే ఎనిమిది మ్యాచ్‌లు, వారం మధ్యలో, చాలావరకు అర్ధరాత్రి దాటాక. అన్నీ చూస్తారా? లీగ్‌లో ఏవి వదులుకుంటారు? ఇది మీరొక్కరే తేల్చుకుని చెప్పేది కాదు. కాగితం ముందు పెట్టుకుని ఇద్దరూ గీతలు పెట్టండి. ఆవిడ కొట్టేసిన వాటి గురించి బేరాలాడకండి.

మ్యాచ్ ఓడితే వెంటనే పడగ్గదిలోకి వెళ్లకండి. చెప్పులేసుకుని కిందకి దిగి అపార్ట్‌మెంట్ చుట్టూ రెండు మూడు రౌండ్లు కొట్టి రండి. తిట్టుకోవాలంటే వాచ్‌మన్ వినకుండా తిట్టుకోండి. పైకొచ్చాక తలుపు తీసిన మనిషి మొహం చూసి ఒక మాట మాట్లాడండి, ఏదైనా సరే. బాధ పోదు, పోవాలని నేను అనడం లేదు. ఆ బాధ పాప మీద పడకుండా చూడండి, అంతే. అక్టోబర్ రాత్రికి పాపకి సారీ చెప్పారా? ఎప్పుడో అయిపోయిందిగా అనుకోకండి. ఐదేళ్ల పిల్లకి “ఆ రోజు నీ తప్పేం లేదమ్మా, నాన్నే చిరాకులో ఉన్నాడు” అంటే చక్కగా అర్థమవుతుంది.

పందెం కాయనన్నారు, నమ్ముతున్నాను. ఆన్‌లైన్ బెట్టింగ్ తెలంగాణలో 2017 నుంచే నిషేధం. ఏ ఆఫీస్ గ్రూపులోనైనా సరదాకి వందా రెండొందలూ పెడుతుంటే మాత్రం ఇవాళే ఆపేయండి. భీమవరంలో పుట్టిన మనిషికి పందెం డబ్బు వాసన ఇట్టే తెలుస్తుంది.

మీ ఆవిడని అభిమానిగా మార్చాలని చూడకండి. పుట్టినరోజుకి కోడి బొమ్మ టీ షర్ట్ కొనివ్వాలని ఆలోచిస్తున్నట్టు రాశారు. దయచేసి వద్దు.

అంతకంటే ముందు ఒక పని చేయండి. సీజన్ లేదు కదా, ఇప్పుడు సాయంత్రాలన్నీ ఖాళీయే. పాప పడుకున్నాక బాల్కనీలో కూర్చుని అడగండి, చిన్నప్పుడు మీ నాన్నగారి పుంజు ఓడిన సాయంత్రం మీరంతా ఏం చేసేవాళ్లని. బేల్ గురించి, బిల్బావోలో జరిగిన ఆ ఫైనల్ గురించి ఆ రోజు ఎత్తకండి. ఫోన్ లోపలే పెట్టేసి రండి. ఆవిడ మొదలుపెట్టడానికి కొంచెం టైమ్ పట్టొచ్చు.