పన్నెండు మందా, పన్నెండుగురా, పన్నిద్దరా?

సందేహం: ఫిలిప్పీన్స్ చట్టసభ గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అమెరికా సైనిక స్థావరాల ఒప్పందాన్ని అక్కడి సెనేట్ తిరస్కరించిన ఘట్టంలో ఇలా రాశాను: "ఫిలిప్పీన్స్ 8 వ కాంగ్రెస్‌లో 24 సెనేటర్లు. ఒప్పందంపై 23 మాత్రమే ఓటు వేశాయి. 12 సెనేటర్లు వ్యతిరేకించారు. వీరిలో రెండు ప్రతిపక్ష సెనేటర్లు, అధ్యక్షురాలి బావమరిది ఉన్నారు." మా సంపాదకులు "12 సెనేటర్లు" కొట్టేసి "పన్నెండుగురు సెనేటర్లు" అని దిద్దారు. మా మామగారేమో "పన్నిద్దరు" అనాలంటారు. నా చెవికి మాత్రం "పన్నెండు మంది" బాగుంది. ఏది సరైనది? కాంగ్రెస్ అంటే జనం పార్టీ అనుకుంటారు, పార్లమెంటు అని మార్చమని కూడా సంపాదకులు అన్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ చెవి చెప్పిందే సరి. పన్నెండు మంది అనే రాయండి. మీ మామగారి మాట కూడా తప్పు కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ వాక్యాల్లో జరిగిన అసలు పొరపాటు చూద్దాం. అది పన్నెండు దగ్గర కాదు, ఇరవై నాలుగు దగ్గరే మొదలైంది.

తెలుగులో లెక్కకు రెండు వరసలున్నాయి. రాళ్లకూ రప్పలకూ గొడ్లకూ ఒకటి, మనుషులకు ఒకటి. రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు. నాలుగు ఆవులు, నలుగురు కాపరులు. ఇంగ్లీషులో ఒకే అంకె అన్నింటికీ సరిపోతుంది కనుక అక్కడి నుంచి తెచ్చుకునేటప్పుడు మనవాళ్లు అంకెను యథాతథంగా దింపేస్తారు. "24 సెనేటర్లు" అంటే సెనేటర్లను ధాన్యం బస్తాల్లా లెక్కపెట్టినట్టే. సెనేట్‌లో స్థానాలు ఇరవై నాలుగు, సెనేటర్లు మాత్రం ఇరవై నలుగురు. లేదా ఇరవై నాలుగు మంది. ఓట్లు పన్నెండు, వేసినవారు పన్నెండు మంది. ఎక్కడ ఏది వాడాలో తేల్చుకోవడానికి ప్రశ్న వేసి చూడండి. "ఎన్ని?" అని అడగగలిగితే ఉత్త అంకె చాలు, "ఎందరు?" అని అడగవలసి వస్తే మనుషుల లెక్క కావాలి. ఎన్ని సెనేటర్లు అని ఎవరూ అడగరు కదా.

మీ రెండో వాక్యం చూడండి. "23 మాత్రమే ఓటు వేశాయి." ఇది చేయిజారి రాసిన తప్పు కాదు, తెలుగు వ్యాకరణం తన దారిన తాను నడిచింది. "మంది" లేకుండా ఒంటరిగా నిలబడ్డ అంకె తెలుగులో వస్తువే, దాని వెనక క్రియ కూడా "వేశాయి" అనే వస్తుంది. పక్క వాక్యంలో "సెనేటర్లు" అన్న మాట ఉంది కనుక "వ్యతిరేకించారు" అని సరిగా పడింది. అంకెను దిద్దితే క్రియ తనంతట తానే సర్దుకుంటుంది: "ఇరవై ముగ్గురే ఓటు వేశారు."

ఇప్పుడు రూపాలు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. నేటి వాడుకలో ఈ "గురు" ఏడుతో ఆగిపోతుంది. ఎనిమిది నుంచి "మంది". "మేం ఎనమండుగురం పిల్లలం", "తొమ్మండుగురు" అనే మాటలు పెద్దవాళ్ల నోట ఇంకా వినిపిస్తాయి. "పదుగురు" కూడా "పదుగురాడిన మాట పాడి" వంటి చోట్ల బతికే ఉంది, కానీ లెక్క చెప్పడానికి వాడం. ఇరవై దాటాక తిరిగి చివరి అంకెదే పెత్తనం: ఇరవై ఇద్దరు, ఇరవై ముగ్గురు, ఇరవై నలుగురు, ఇరవై ఏడుగురు, ఆపైన ఇరవై ఎనిమిది మంది. పత్రికల్లో "24 మంది" అని అంకె వేసి రాస్తే తప్పేమీ లేదు. "3 మంది" మాత్రం వద్దు, అది "మూడు మంది" అవుతుంది. "5గురు" అనే శీర్షికలు చూస్తూంటాం, చూడ్డానికే ఇబ్బందిగా ఉంటుంది. ఏడు వరకూ అక్షరాల్లో రాయడమే మర్యాద. "నలుగురు మంది" అని రెండూ కలిపేవాళ్లూ ఉన్నారు. వాళ్ల జోలికి పోను.

ఈ లెక్కన పన్నెండు మాటేమిటి? "పన్నెండు"లో ఉన్నవి పదీ రెండూనే. ఆ రెండు ఇద్దరైతే పన్నిద్దరు. ఇరవై ఇద్దరు ఎలాగో ఇదీ అలాగే, కాకపోతే బాగా పాతది. వైష్ణవ సంప్రదాయంలో ఆళ్వార్లు పన్నిద్దరే. పన్నెండు మంది ఆళ్వార్లు అంటే అర్థమవుతుంది గానీ ఆ నిండుదనం రాదు. "పన్నెండుగురు" అన్నది "ఏడుగురు"ను చూసి పైకి సాగదీసిన రూపం. రాసేవాళ్లున్నారు కనుక అచ్చు తప్పు అనను, కానీ నడిచే వాక్యంలో రాయిలా తగులుతుంది. మీ సంపాదకులకు నా మాటగా చెప్పండి.

అయితే ఈ సందర్భంలో పన్నిద్దరు అన్నది పూర్తిగా కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఎందుకంటే ఆ పన్నెండు మందిని ఫిలిప్పీన్స్‌లో ఒక జట్టుగా, గౌరవంగా ఇప్పటికీ తలచుకుంటారు. 1991 ఆగస్టులో మనీలాలో సంతకాలైన ఒప్పందం సూబిక్ బే నౌకా స్థావరాన్ని మరో పదేళ్లు అమెరికా చేతిలో ఉంచేది. అక్కడి రాజ్యాంగం ప్రకారం ఒప్పందం చెల్లాలంటే సెనేట్ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, అంటే పదహారు ఓట్లు. సెప్టెంబర్ 16న ఓటింగ్ జరిగింది. అనుకూలంగా పదకొండు మంది, వ్యతిరేకంగా సెనేట్ అధ్యక్షుడు హోవిటో సలోంగాతో కలిపి పన్నెండు మంది. పదహారుకు ఐదు ఓట్లు తక్కువయ్యాయి, ఒప్పందం వీగిపోయింది, 1992 నవంబరులో అమెరికా నౌకాదళం సూబిక్ ఖాళీ చేసింది. వ్యాసంలో ఒకచోట, ఆ జట్టును జట్టుగా పేర్కొన్న చోట, "ఆ పన్నిద్దరు" అని వాడితే శోభిస్తుంది. మీ మామగారూ సంతోషిస్తారు. మిగతా చోట్ల పన్నెండు మంది. వారిలో ఎవరి ప్రసంగమైనా తెలుగు చేయవలసి వస్తే "మేం పన్నెండు మందిమి" అనండి, "మేము పన్నెండు మంది" అని వదిలేయకండి. మేం ముగ్గురం, మేం పదిమందిమి అంటాం కదా.

ఇరవై నలుగురు ఎన్నికైతే ఓటు వేసింది ఇరవై ముగ్గురే ఎందుకన్నది పాఠకుడికి చెప్పాలి, లేకపోతే ఒకరు గైర్హాజరనుకుంటారు. 1987లో గెలిచిన రౌల్ మాంగ్లాపుస్ అదే ఏడాది విదేశాంగ మంత్రి అయ్యారు, ఆయన స్థానం ఖాళీగానే ఉండిపోయింది. కాబట్టి "ఒక సెనేటర్ రాలేదు" కాదు, "ఒక స్థానం ఖాళీగా ఉంది" అని రాయాలి.

"రెండు ప్రతిపక్ష సెనేటర్లు" ఇద్దరు కావాలని ఈపాటికి మీరే దిద్దుకుని ఉంటారు. కానీ అక్కడ ఇంకో మెలిక ఉంది. "ఇద్దరు ప్రతిపక్ష సెనేటర్లు వ్యతిరేకించారు" అంటే ప్రతిపక్షంలో చాలామంది ఉన్నారనీ, అందులో ఇద్దరు వ్యతిరేకించారనీ ధ్వని. జరిగింది అది కాదు. 1987 ఎన్నికల్లో ఇరవై నాలుగు స్థానాలకు ఇరవై రెండు అధ్యక్షురాలు కొరసోన్ అక్వినో కూటమికే దక్కాయి. ప్రతిపక్షం నుంచి గెలిచింది సినీ నటుడు జోసెఫ్ ఎస్ట్రాడా, అంతకుముందు దేశాన్ని ఏలిన నియంత మార్కోస్ దగ్గర రక్షణ మంత్రిగా చేసిన హువాన్ పోన్సే ఎన్రిలే మాత్రమే. వాళ్లిద్దరూ వ్యతిరేకంగానే ఓటు వేశారు. కనుక "ప్రతిపక్షం నుంచి గెలిచిన ఇద్దరూ వ్యతిరేకించారు" అనండి. ఆ చివరి దీర్ఘం ఒక్కటీ "ఉన్నదే ఇద్దరు, ఒక్కరూ మిగల్లేదు" అన్న అర్థాన్ని మోస్తుంది. ఇంగ్లీషులో దానికి వేరే మాట కావాలి, మనకు గొంతు కాస్త సాగదీస్తే చాలు. అవతలి పక్షానికీ ఇదే వర్తిస్తుంది. ఆ సెనేట్‌లో మహిళలు ఇద్దరే, లెటీషియా రామోస్ షహానీ, శాంతనీనా రసూల్. ఇద్దరూ ఒప్పందానికి అనుకూలంగా ఓటు వేశారు. అన్నట్టు, లెక్కలో ఆడా మగా తేడా లేదు, ఇద్దరు ఇద్దరే. ఏకవచనంలో "ఆమె వచ్చింది" అని స్త్రీని వస్తువుల పక్కన నిలబెట్టే మన వ్యాకరణం, ఇద్దరు కాగానే "వచ్చారు" అని మనుషుల్లో కలుపుతుంది. మీరు రాసేది సెనేటర్ల గురించి కనుక ఒక్కరైనా "ఆమె ఓటు వేశారు" అనే రాయండి.

ఇక బావమరిది. ఇంగ్లీషులో బావ, బావమరిది, మరిది, తోడల్లుడు అందరూ ఒకే మాటలో ఇమిడిపోతారు. అనువాదకులు సాధారణంగా బావమరిది వైపు మొగ్గుతారు. అగపీతో అక్వినో మార్కోస్ హయాంలో హత్యకు గురైన ప్రతిపక్ష నేత నినోయ్ అక్వినోకు తమ్ముడు, అధ్యక్షురాలు కొరసోన్‌కు భర్త తమ్ముడు. అంటే మరిది. వదిన ఒప్పందం కావాలంటే మరిది వద్దని ఓటు వేశాడు. ఈ వరస తెలుగులో సరిగ్గా పడితే ఆ ఓటు బరువు పాఠకుడికి వివరించనక్కర్లేదు. బావమరిది అంటే ఆమె పుట్టింటివాడో, అత్తింటివాడో కూడా తేలదు.

కాంగ్రెస్ విషయంలో మీ సంపాదకులతో సగమే ఏకీభవిస్తాను. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఆ మాట వింటే మొదట పార్టీయే గుర్తొస్తుంది, నిజమే. కానీ పార్లమెంటు అని మారిస్తే చరిత్రే తారుమారవుతుంది. మార్కోస్ 1972లో మార్షల్ లా విధించి ఏడో కాంగ్రెస్‌ను మూసేశాడు. ఆ తర్వాత 1978 నుంచి 1986 వరకూ నడిచింది బటాసాంగ్ పంబాన్సా అనే ఒకే సభ. దానికి తోడు ప్రధాన మంత్రి పదవి కూడా ఉండేది. పార్లమెంటు అంటే పాఠకుడి బుర్ర ఆ పాత సభ వైపు పోయే ప్రమాదం ఉంది. 1987లో కొత్త రాజ్యాంగంతో తిరిగి వచ్చింది సెనేట్, ప్రతినిధుల సభ అనే రెండు సభల కాంగ్రెస్, దాని పేరే కాంగ్రెస్. మొదటిసారి "ఫిలిప్పీన్స్ చట్టసభ అయిన కాంగ్రెస్" అనండి, తర్వాత కాంగ్రెస్ అంటే ఎవరూ తికమకపడరు. అమెరికా కాంగ్రెస్ వార్తలు చదవడం లేదా మనం? జాగ్రత్త పడవలసింది మరోచోట. "కాంగ్రెస్ సభ్యుడు" అని మాత్రం రాయకండి, అది తెలుగులో ఖాయంగా పార్టీ సభ్యత్వమే. "ప్రతినిధుల సభ సభ్యుడు" అనండి, కాస్త పొడవైనా. ఎంపీ అనవద్దు. అప్పట్లో ఆ సభ స్పీకర్ పేరు రామోన్ మిత్రా. మిత్ర అనగానే బెంగాలీ అనుకునేరు, ఆయన పలవాన్ ద్వీపానికి చెందినవాడు. షహానీ మాత్రం నిజంగానే మన దేశపు ఇంటిపేరు. ఆమె భర్త రంజీ షహానీ భారతీయుడు.

ఎనిమిదవ, ఎనిమిదో రెండూ సరైనవే, రెండోది నేటి పలుకుబడికి దగ్గర. అంకెతో రాస్తే "8వ" అని కలిపి రాయండి, మధ్యలో ఖాళీ వదిలితే "వ" అనాథ అవుతుంది. ఆ సంఖ్య సంవత్సరాల లెక్కా కాదు, సమావేశాల లెక్కా కాదు, పదవీకాలాల లెక్క, మనం ఎనిమిదో లోక్‌సభ అన్నట్టు. తెలుగుదేశం ముప్పై మందితో ప్రతిపక్షాల్లో పెద్ద పార్టీగా కూర్చున్న సభ అదే. ఫిలిప్పీన్స్‌లో 1946లో స్వాతంత్ర్యంతో మొదలైన ఈ లెక్క ఏడు దగ్గర తెగింది, 1987లో మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకోకుండా ఎనిమిది అన్నారు. సలోంగా ఏడో కాంగ్రెస్‌లోనూ సెనేటరే.

మీ పేరా ఇలా ఉంటే సరిపోతుంది: "ఫిలిప్పీన్స్ చట్టసభ అయిన కాంగ్రెస్‌కు ఎనిమిదో పదవీకాలం 1987లో మొదలైంది. సెనేట్‌కు ఇరవై నలుగురు ఎన్నికయ్యారు. ఒక స్థానం ఖాళీ కావడంతో 1991లో ఒప్పందంపై ఇరవై ముగ్గురే ఓటు వేశారు. పన్నెండు మంది వ్యతిరేకించారు. ప్రతిపక్షం నుంచి గెలిచిన ఇద్దరూ, అధ్యక్షురాలి మరిదీ వారిలో ఉన్నారు." ఈ సభ ఐదేళ్లు నడిచింది కదా అని, తొమ్మిదో కాంగ్రెస్ దగ్గరికి వచ్చాక అలవాటుగా ఐదేళ్లే వేసేయకండి. అక్కడి నుంచి ఒక్కో కాంగ్రెస్‌కు మూడేళ్లే.