మోకాళ్ళ నొప్పులుంటే ఎముకలు గుల్లబారినట్లేనా? కాల్షియం మాత్రలతో తగ్గుతాయా?

కాదు. తగ్గవు. ఇంతటితో ఊరుకోవచ్చు గానీ, మీ అమ్మగారికి 64 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఎవరో ఎముకల సాంద్రత పరీక్ష చేయించి కాల్షియం మొదలుపెట్టమన్నారు అని రాశారు. సరిగ్గా ఇదే తతంగం మా ఇంట్లో ఏడాదిపాటు నడిచింది కాబట్టి చెప్పక తప్పదు.

మేముండేది వనస్థలిపురంలో. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉచిత ఎముకల పరీక్ష శిబిరం పెట్టారు. లిఫ్ట్ బాగు చేయించడానికి ఆరు నెలలు తీసుకున్న మా అసోసియేషన్ వాళ్ళు ఉచితం అనేసరికి రెండు రోజుల్లో షామియానా లేపారు. అప్పుడు మా అమ్మ మిర్యాలగూడ నుంచి వచ్చి ఉంది. అత్తమ్మ ఎటూ మాతోనే ఉంటుంది. ఇద్దరినీ తీసుకెళ్ళి వరసలో కూర్చోబెట్టాను.

అమ్మకు 66 ఏళ్ళు, బరువు 78 కిలోలు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ తొడల మీద ఆనించి, "రామా" అని ఒకసారి ముందుకు ఊగుతుంది. ఆ ఊపుకు లేవదు, రెండో ఊపుకు లేస్తుంది. అత్తమ్మకు 71, బరువు 43. లిఫ్ట్ ఆగిపోయిన రోజున పాల ప్యాకెట్లు పట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కి వస్తుంది. మధ్యలో ఆగితే అది ఆయాసం వల్ల కాదు, రెండో అంతస్తు వాళ్ళతో ముచ్చట పెట్టడానికి.

పరీక్ష అంటే పెద్దదేం కాదు. చెప్పు విప్పించి, మడమకు చల్లటి జెల్ రాసి, డబ్బాలాంటి మిషన్‌లో పాదం పెట్టమంటారు. కాసేపటికి రంగుల కాగితం బయటికొస్తుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు, వాటి మీద మన చుక్క. పక్కన ఒక అంకె, ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ ఎముకలతో పోల్చి వేసే స్కోరు, సున్నాకు ఎంత కిందికి పోతే ఎముక అంత పలచన అన్నమాట. అత్తమ్మ చుక్క ఎరుపులో పడింది, మైనస్ 2.9. అమ్మ చుక్క ఆకుపచ్చలో, మైనస్ 0.4. అక్కడున్న అబ్బాయి "మీ ఎముకలు సూపరమ్మా" అన్నాడు. అతను ఆ మాట అనేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవడానికి మొదటి ఊపులో ఉంది.

"బొక్కలు అంత గట్టిగుంటే మరి నాకీ నొప్పెందుకు లేస్తుంది బిడ్డా?" అని అడిగింది.

ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు గానీ కాల్షియం డబ్బాలు ఉన్నాయి. మూడు కొంటే తగ్గింపు. అమ్మ కొన్నది, నొప్పి ఉన్నది తనకు కదా. అత్తమ్మ "నాకేం నొప్పి లేదు, నాకెందుకు" అని ఆ ఎర్ర చుక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దోపుకుంది. నేనూ పక్కనే ఉన్నాను. డిగ్రీ చదువుకున్నదాన్ని. ఇద్దరూ చెప్పింది నాకు సబబుగానే అనిపించింది.

నాలుగు నెలలు వాడాక అమ్మ నొప్పి ఉన్నచోటే ఉంది, కొత్తగా మలబద్ధకం వచ్చి చేరింది. అప్పుడు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏ ఊరమ్మా? మర్రిగూడ, మునుగోడు వైపు కాదు కదా?" సాగర్ కాలువ నీళ్ళు తాగి పెరిగామని చెప్పాకే ఎక్స్‌రే లైటు మీద పెట్టాడు. నల్గొండ జిల్లా పేరు వింటే ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల ఎముకలు, కీళ్ళు పట్టేసే ఫ్లోరోసిస్ గుర్తుకు రాని ఎముకల డాక్టరు ఉండడు మరి.

ఎక్స్‌రేలో మోకాలి లోపలి వైపు సందు దాదాపు మూసుకుపోయింది. ఆ సందు కింద ఎముక అంచు వెంబడి సున్నం పూసినట్టు తెల్లటి గీత. "ఇది అరిగిన ఎముక కాదు, గట్టిపడిన ఎముక" అన్నాడు. మనం "గుజ్జు అరిగింది" అంటాం కదా, ఆ గుజ్జులో అసలు నరాలే ఉండవట. నొప్పి తెలిసేది దాని కింది ఎముకకు, కీలు లోపలి పొరకు, చుట్టూ ఉన్న కండరాలకూ లిగమెంట్లకూ. గుజ్జు పలచబడ్డాక బరువంతా ఆ కింది ఎముక మీద పడుతుంది. అది ఒత్తిడికి గట్టిపడుతుంది, లోపల మూలుగు భాగంలో వాపు లాంటిది వస్తుంది. ఎమ్మారైలో కనిపించే ఆ మచ్చలకూ నొప్పికీ సంబంధం ఉందని 2001 నుంచే పరిశోధకులు చెబుతున్నారు. ఎక్స్‌రేలో ఘోరంగా కనిపించి హాయిగా తిరిగేవాళ్ళూ ఉన్నారు, పెద్దగా ఏమీ లేక మూలిగేవాళ్ళూ ఉన్నారు.

ఇంకో తమాషా. కీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళలో ఎముకల సాంద్రత తక్కువగా కాదు, తరచుగా ఎక్కువగానే ఉంటుంది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని దశాబ్దాలపాటు గమనించిన అధ్యయనంలో కూడా ఇదే తేలింది. బరువున్న మనిషికి ఆ బరువు మోసీ మోసీ ఎముక గట్టిపడుతుంది, అదే బరువు మోకాలిని తినేస్తుంది. అమ్మ ఆకుపచ్చ చుక్కకూ, అమ్మ నొప్పికీ మూలం ఒకటే కావచ్చన్నమాట.

సాంద్రత అంటే బలం, బలం అంటే నొప్పి లేకపోవడం అనుకునేవాళ్ళను ఒకసారి మా జిల్లాకు తీసుకెళ్ళాలి. మర్రిగూడ వైపు మాకు చుట్టాలున్నారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుము వంగిపోయినవాళ్ళ ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. అంత దట్టమైన ఎముకలతో వాళ్ళు మెడ తిప్పలేరు, కింద కూర్చుంటే లేవలేరు. మన దేశంలో ఈ రోగాన్ని మొదట గుర్తించింది కూడా మన తెలుగు నేల మీదే, 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఈ ఫ్లోరైడ్‌నే ఒకప్పుడు గుల్ల ఎముకలకు మందుగా వాడి చూశారు. 1990లో వచ్చిన అమెరికా పరిశోధనలో 202 మంది ఆడవాళ్ళలో కొందరికి సోడియం ఫ్లోరైడ్ ఇస్తే వాళ్ళ వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు ఇంకా ఎక్కువ విరిగాయి.

ఇక అత్తమ్మ సంగతి. శిబిరం అయిన ఎనిమిది నెలలకు, తులసి కోట దగ్గర తడి గచ్చు మీద కాలు జారింది. పెద్ద పడటం కూడా కాదు, కూలబడిందంతే. చెయ్యి ఆనించింది, మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో ఆధార్ కార్డు కోసం పర్సు తెరిస్తే నాలుగు మడతల కాగితం నా చేతికి తగిలింది. అప్పుడు డెక్సా స్కాన్ చేయించాం. తుంటి, వెన్నెముక చూసే ఆ పరీక్షే అసలుది. మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందికి ఉంటే బోలు ఎముకల వ్యాధి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన లెక్క దానికే వర్తిస్తుంది. మడమ పరీక్ష హెచ్చరిక మాత్రమే. మాకు ఆ హెచ్చరిక వచ్చింది, దాన్ని పర్సులో పెట్టుకు తిరిగాం. ఆ వ్యాధి విరిగేదాకా నొప్పి పెట్టదు. ఇది తెలియకపోవడమే మా తప్పు.

అత్తమ్మకు ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించే మందు మొదలుపెట్టారు. అది చూసి అమ్మకు ఆశ పుట్టింది, "నాకూ ఆ సూది వేయించరాదే" అని. పాపం, మోకాళ్ళ అరుగుదలకు ఆ మందునూ పరీక్షించారు. ఆస్ట్రేలియాలో 223 మంది మీద రెండేళ్ళు చూసి 2020లో ఫలితం ప్రకటించారు, నొప్పి విషయంలో ఉత్త సెలైన్ కన్నా మెరుగేమీ కనిపించలేదు. విటమిన్ డి మీద 2013లో వచ్చిన అమెరికా పరిశోధనలోనూ మోకాళ్ళ నొప్పికి లాభం లేదనే తేలింది. వాట్సాప్‌లో మా పెద్దమ్మ పంపే నల్లేరు పచ్చడికి మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు, పచ్చడిగా బాగుంటుంది.

అమ్మకు పని చేసింది చాలా చప్పటి వైద్యం. మోకాలి కింద తువ్వాలు చుట్టిపెట్టి దాన్ని కిందికి నొక్కి పట్టుకోవడం, పొద్దున పది, సాయంత్రం పది. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. మధ్యాహ్నం చకినాలు మానిపించి ఆరు కిలోలు తగ్గించాం. కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట, ఆరు కిలోలకు ఎంతో మీరే లెక్కేసుకోండి. ఇప్పుడు మొదటి ఊపుకే లేస్తోంది. నొప్పి పోయిందా అంటే పోలేదు, మిర్యాలగూడ బస్సు మెట్టు ఎక్కేటప్పుడు ఇప్పటికీ "రామా" అంటుంది.

మీ అమ్మగారికి డెక్సా చేయించండి, ఆ వయసుకు మంచిదే. మోకాళ్ళ నొప్పికి దాంట్లో జవాబు వెతక్కండి. మీ ఇంట్లో నొప్పీ గిప్పీ లేకుండా బక్కగా చలాకీగా తిరిగే పెద్దావిడ ఇంకెవరైనా ఉంటే, ముందు ఆమెను తీసుకెళ్ళండి.

అమ్మ కొన్న మూడు డబ్బాల్లో రెండు అలాగే మిగిలిపోయాయి. డాక్టరును అడిగి, ఎక్స్‌పైరీ తేదీ చూసి, అత్తమ్మకిచ్చాం. "నీ డబ్బులతో కొన్న మందు నేను తింటున్నా వదినా" అని అమ్మతో ఫోన్‌లో నవ్వుతుంది.