మందు మానేశాక శుక్రవారం సాయంత్రాలు

ఊరు కాని ఊరికి కొత్తగా వచ్చి, మందు మానేసినవారు నన్ను అడిగేది దాదాపు ఒకటే: "తాగాలని లేదండీ, కానీ సాయంత్రమైతే గదిలో ఉండలేకపోతున్నాను. ఏం చేయమంటారు?"

ముందు ఒక మాట. రోజూ బాగా తాగుతూ నిన్నో మొన్నో ఉన్నట్టుండి ఆపేసి, చేతులు వణుకుతున్నా, చెమటలు పడుతున్నా అది ఒంటరితనం కాదు. మొదటి రెండు మూడు రోజుల్లో మూర్ఛ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. సలహాలు తర్వాత, ముందు ఆసుపత్రికి వెళ్ళండి.

ఆ గండం దాటినవారికి చెబుతున్నాను. 1935లో బిల్ విల్సన్ అనే అమెరికన్ వ్యాపారం పని మీద అక్రాన్ నగరానికి వెళ్ళాడు. పని చెడింది. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. తెలియని ఊరు, హోటల్, పక్కనే బార్. ఆయన లోపలికి వెళ్ళకుండా ఫోన్ దగ్గరికి వెళ్ళి, తనలాగే తాగుడుతో బాధపడే మనిషి ఎవరైనా ఉన్నారా అని ఊళ్ళోవాళ్ళను వాకబు చేశాడు. అలా దొరికినవాడే డాక్టర్ బాబ్ స్మిత్. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకుని ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం, ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది అక్కడే. విల్సన్ తనను ఓదార్చేవాళ్ళ కోసం వెతకలేదు, తాను సాయం చేయగల మనిషి కోసం వెతికాడు. ఒంటరితనానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకింతవరకు కనిపించలేదు.

ఆ సంఘం సమావేశాలకు రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. అక్కడ వినిపించే దేవుడి ప్రస్తావన ఇబ్బందనిపిస్తే, ఆ ఊసు లేని స్మార్ట్ రికవరీ అనే మరో సంఘం ఉంది. రెండింటికీ ఆన్‌లైన్ సమావేశాలున్నాయి. "అక్కడ మనవాళ్ళెవరైనా చూస్తే?" అని భయపడేవారు చాలామంది. చూసినవాడు మాత్రం అక్కడికి సరదాకి వచ్చాడా?

పాత స్నేహితులందరినీ వదిలేయమని కొందరంటారు. నేను ఒప్పుకోను. మనుషులను కాదు, వేళను మార్చండి. శనివారం పొద్దున నడకకు రమ్మనండి. వచ్చినవాడు మీ స్నేహితుడు. రాత్రి సీసా ముందు తప్ప ఎప్పుడూ దొరకనివాడి సంగతి మీకే తెలిసిపోతుంది. ఆఫీసు విందుల్లో "నేను తాగను" అంటే చాలు, కారణాలు చెప్పుకుంటూ కూర్చోవద్దు.

ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట: తాగాలనిపించినప్పుడు ఈ నాలుగింటినీ చూసుకోమంటారు మానేసినవాళ్ళు. మనకైతే ఇవి గుంపుగా వస్తాయి. పని నుంచి అలసి రావడం, వండుకోకపోవడం, ఇంటికి ఫోన్ చేస్తే మాటామాటా పెరగడం. అందుకే ముందు తినండి, తర్వాతే ఫోన్.

మొదటి సమావేశం ముగియగానే పారిపోకండి. ఒక్కరి నంబరైనా తీసుకుని, ఏ ఇబ్బందీ లేని రోజున ఊరికే ఫోన్ చేయండి. ఒకసారి మాట్లాడి ఉంటే, కష్టమైన రాత్రి ఆ నంబరు నొక్కడానికి మొహమాటం అడ్డురాదు.