బేస్‌బాల్ బ్యాటర్ అడుగు, స్వింగ్ నిలకడగా ఉండాలంటే ఏ సాధన చేయాలి?

ముందుకు అడుగు వేసి, కాసేపు ఆగి, ఆ తరువాతే బ్యాట్ తిప్పే సాధన ఇందుకు సూటైన మార్గం. గంటకు 90 మైళ్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ను చేరడానికి సుమారు 0.4 సెకన్లే పడుతుంది కాబట్టి, అడుగుతో పాటు తల కదిలినా, బరువంతా ముందుకాలి మీదికి తొందరగా ఒరిగినా, బంతిని అంచనా వేయడం కష్టమవుతుంది. పైగా తుంటి బలంగా తిరగడానికి ఆధారం మిగలదు. ఉదాహరణకు, బంతిని బ్యాటింగ్ టీ స్టాండు మీద ఉంచి, ముందు పాదాన్ని మెత్తగా మోపి, రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. అప్పుడు శరీరం ఊగితే ముందు అడుగును సరిచేసుకోవాలి, నిలవగలిగితే అక్కడి నుంచే స్వింగ్ పూర్తి చేయాలి. అడుగు ఎంత పొడవుగా ఉంటే దెబ్బకు అంత బలమన్నది చాలామందికి ఉన్న అపోహ. బలం ప్రధానంగా తుంటి, మొండెం తిరగడం వల్ల వస్తుంది, మరీ పొడవైన అడుగు దానికే అడ్డుపడుతుంది.