కొత్త రీలు కొన్న మేనల్లుడికి

బరంపురం

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. చేపల గాలానికి లైను చుట్టుకునే ఆ రీలు బాగుంది, మొదటి జీతంతో కొన్నావంటే ఇంకా బాగుంది. కానీ దాన్ని ఇసుక మీద పడుకోబెట్టి తీశావు చూడు, అక్కడ నా ప్రాణం ఉసూరుమంది. మీ ఛత్రపురం ఇసుక మామూలు ఇసుక కాదురా. అందులో ఇల్మనైటు, గార్నెట్ అనే ఖనిజాలు ఉన్నాయనే కదా అక్కడ కర్మాగారం పెట్టింది! గార్నెట్ అంటే సాండ్ పేపరుకి అంటించే రాయిపొడి. అలాంటి దాని మీద రీలు దొర్లిస్తే పైపూత నిలుస్తుందా?

గీతలు పడితే అందం పోతుందని కాదు నా గొడవ. రీలు ఒళ్ళు అల్యూమినియం అయితే దాని మీద రంగు ఉంటుంది, లేదా యానోడైజింగ్ అనే గట్టి పొర ఉంటుంది. గీత పడ్డచోట ఆ పొర పోతుంది, ఉప్పు అక్కడ పట్టుకుంటుంది. ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు, సున్నంలాంటి తెల్లపొడి లేస్తుంది. తుడిస్తే కింద సన్నని గుంటలు కనిపిస్తాయి. స్టీలు మర అల్యూమినియంలో దిగేచోట ఇది మరీ తొందరగా మొదలవుతుంది. రెండు లోహాల మధ్య ఉప్పునీళ్ళు చేరితే బ్యాటరీ పెట్టినట్టే, అల్యూమినియమే కరుగుతుంది.

అందుకని మూడడుగుల పీవీసీ పైపు కొను. ఒక కొస ఏటవాలుగా కోసి ఇసుకలో గుచ్చు, గాలం కర్ర, అదే రాడ్, అందులో నిలబెట్టు. బండి మీద వెళ్ళేటప్పుడు రీలు ఊడదీసి పాత ఉన్ని సాక్సులో దూర్చు. చిన్న గీత పడితే స్పిరిట్‌తో తుడిచి, ఆరాక రంగులేని గోళ్ళ పాలిష్ ఒక్క పూత వెయ్యి. మీ అత్తయ్యది నేను అలాగే ఖాళీ చేశాను, ఆవిడకి చెప్పకు.

ఇక అసలు సంగతి. రీలు పాడయ్యేది సముద్రం దగ్గర కాదు, ఇంటికొచ్చాక. నాకిది డబ్బు పోసి తెలిసింది. 2013లో ఫైలిన్ తుఫానుకి ముందు ఆదివారం గోపాల్‌పూర్‌లో గాలం వేసి వచ్చాను. రేపు కడుగుదాంలే అని తడి రీలుని మెత్తటి రబ్బరు కవరులోనే పెట్టి ట్రంకుపెట్టెలో పడేశాను. దసరా హడావిడి, అక్టోబరు 12న తుఫాను, తర్వాత కరెంటు లేదు, రేకులు వేయించుకోవాలి, రీలు ఎవరికి గుర్తు? మూడు వారాలకి విప్పితే హ్యాండిల్ కదల్లేదు. లైనుని రీలు మీదకి చుట్టే వంపు తీగ, అదే బెయిల్, దాని చివర లైను జారే రోలర్ బిగుసుకుపోయింది. లైను విప్పితే కింద అది చుట్టుకునే స్పూలు అంతా తెల్లబూజు. తుఫాను మీదకి నెట్టేద్దామనుకున్నాను గానీ తప్పు నాదే. ఆ కవరు గీతలకి మంచిదే, తడి మీద తొడిగితే మాత్రం ఉప్పుని లోపల దాచిపెడుతుంది.

లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. నీళ్ళు ఆరినా అది పోదు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తానే నీరవుతుంది. వానాకాలం వంటింట్లో ఉప్పు జాడీ చూశావుగా, మన ఒడ్డున రీలుకీ అదే గతి. చిలిక సరస్సులో అంత ఉప్పుండదని, దాని ఒడ్డునున్న రంభ నుంచి వచ్చాక కడగకుండా వదిలేస్తారు కొందరు. హుమ్మ ఉప్పుమళ్ళ పక్కనుంచే కదరా వెళ్తావు, అయినా అనుమానమా?

కడగడానికి పెద్ద తంతు లేదు. ముందు డ్రాగ్, అంటే చేప లాగితే లైను ఎంత బిగువుగా వదలాలో చూసే బ్రేకు, బాగా బిగించు, లోపలి వాషర్లలోకి నీళ్ళు దిగకూడదు. చెంబుతో మంచినీళ్ళు మెల్లగా పొయ్యి. బకెట్లో ముంచకు. బండ్లు కడిగే పైపు అసలు పెట్టకు, ఆ జోరుకి బయట ఉప్పు లోపలికి పోతుంది. వేణ్ణీళ్ళూ వద్దు. ఉప్పు చన్నీళ్ళలోనూ కరుగుతుంది, వేడికి గ్రీజు పలచబడి జారిపోతుంది. ఇసుక పడిందనిపిస్తే నీళ్ళు పోసేదాకా హ్యాండిల్ తిప్పకు. ఇంకో మాట, ఒడ్డు దగ్గర కొన్ని బోర్ల నీళ్ళే ఉప్పగా ఉంటాయి. నాలుక మీద చుక్క వేసుకుని చూడు. నేనైతే ఇంటి నుంచే రెండు లీటర్ల సీసా తీసుకెళ్తాను.

దులిపి, పాత బనీను ముక్కతో తుడిచి, నీడలో ఆరబెట్టు. ఆరాక డ్రాగ్ వదులు చెయ్యి. బిగించి ఉంచితే వాషర్లు నొక్కుకుపోయి తర్వాత చేప లాగినప్పుడు లైను కుదుపులతో వదులుతుంది. పండుగప్ప పడ్డప్పుడు ఆ కుదుపుకే లైను తెగుతుంది.

రోలర్‌కి ఒక చుక్క, హ్యాండిల్ పిడికి ఒక చుక్క కుట్టుమిషను నూనె చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, మన చలికాలం తెల్లవారుజామున పేరుకుంటుంది, పాతబడితే జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కూడా లోపలికి కొట్టకు, ఉన్న గ్రీజుని కడిగేస్తుంది. డ్రాగ్ వాషర్లకి నూనె తగలనివ్వకు. లోపల గేర్ల గ్రీజు ఏడాదికోసారి మార్చాలి, అది నా దగ్గరికి తే, మొదటిసారి నువ్వొక్కడివే విప్పితే స్ప్రింగు ఎగిరి మంచం కిందకి పోతుంది.

నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ళ కోసం రుషికుల్య నది మొగ దగ్గర సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ నెలల్లో నేను అటు పోను, రీలూ పెట్టెలోనే ఉంటుంది. అలా దాచేముందు లైను మొత్తం విప్పి, స్పూలు కడిగి ఆరబెట్టు. అల్లిక లైను ఉప్పునీళ్ళని వత్తిలా పీల్చి పట్టుకుంటుంది, పైన ఎంత కడిగినా అడుగు పొరల్లోది పోదు.

వచ్చే ఆదివారం రంభ వెళ్దాం. రీలుకి లైను ఎక్కించకుండా తీసుకురా, ఇక్కడ నేను ఎక్కిస్తాను. సాక్సు మరిచిపోకు.

మీ మావయ్య